మంచాన పడ్డవారి ఇంటికి రెండో నెల కూడా వెళ్ళడం ఎలా

పక్షవాతం వచ్చి మనిషి మంచాన పడితే మొదటి పది రోజులు ఆ ఇంటి గుమ్మంలో చెప్పులు విడవడానికి చోటుండదు. చుట్టాలు వస్తారు, వీధివాళ్ళు వస్తారు, సంఘం నుంచి పాస్టరు గారూ స్త్రీల సమాజం వాళ్ళూ వచ్చి ప్రార్థన చేసి వెళ్తారు. యాపిల్ పళ్ళు, బ్రెడ్ ప్యాకెట్లు, హార్లిక్స్ సీసాలు బల్ల నిండా పేరుకుంటాయి. రెండో నెల వచ్చేసరికి ఇద్దరే మిగులుతారు: మంచం మీద ఉన్న మనిషి, ఆ మనిషిని చూసుకునే భార్యో కోడలో కూతురో. ఆమెకు నిద్ర లేదు, బయటికి వెళ్ళే వీలు లేదు. పలకరించేవాళ్ళు ఫోన్ చేసి "ఎలా ఉంది?" అంటే "అలాగే ఉంది" అని చెప్పీ చెప్పీ విసిగిపోయి ఉంటుంది.

క్రీస్తు ప్రేమను నలుగురికీ చూపించాలని మీకు నిజంగా ఉంటే ఆ రెండో నెలలో మొదలుపెట్టండి. "మాటతోను నాలుకతోను కాక క్రియతోను సత్యముతోను ప్రేమింతము" అని యోహాను రాసిన మొదటి పత్రికలో ఉంది. మంచి సమరయుడి కథ మనందరికీ కంఠతా వచ్చు. గాయాలకు నూనె, ద్రాక్షారసం పోసి కట్టాడనీ, తన వాహనం మీద ఎక్కించి పూటకూళ్ళ ఇంటికి తీసుకెళ్ళాడనీ ప్రసంగాల్లో వింటూనే ఉంటాం. చివర్లో అతను పూటకూళ్ళవాడితో అన్న మాట దగ్గర మాత్రం ఎక్కువసేపు ఆగం. ఇంకా ఖర్చయితే "నేను మరల వచ్చునప్పుడు" తీరుస్తానన్నాడు. అంటే మళ్ళీ రావాలనే అనుకుని వెళ్ళాడు. ఈ వ్యాసమంతా ఆ మళ్ళీ రావడం గురించే.

ఒక్క ఇంటితో మొదలుపెట్టండి

ఊళ్ళో ఉన్న రోగులందరి జాబితా రాసుకోకండి. మీ ఇంటి నుంచి నడిచి వెళ్ళగలిగే దూరంలో ఒక ఇల్లు చూసుకోండి. దూరమైతే వాన పడిన రోజు మానేస్తాం, పనున్న రోజు మానేస్తాం, తర్వాత మానేసిన సంగతే మరిచిపోతాం. ఆ ఇంటివాళ్ళు మీ సంఘం వాళ్ళే అయి ఉండాలని లేదు. క్రైస్తవులే కానక్కర్లేదు. అసలు మీ సంఘం వాళ్ళకు చేయడానికి ఎవరో ఒకరు ఉంటారు. ఎవరూ లేని ఇల్లేదో చూడండి.

ఎన్నాళ్ళు చేయగలరో మీలో మీరు ముందే తేల్చుకోండి. వారానికి ఒక్కసారి రెండు గంటలు, ఆరు నెలలు. ఇది చిన్నదిగా కనిపించవచ్చు. కానీ ప్రతి రోజూ వస్తానని చెప్పి మూడో వారం మాయమయ్యేవాడి కన్నా మంగళవారం వస్తానని చెప్పి ప్రతి మంగళవారం వచ్చేవాడి వల్లే ఆ ఇంటికి మేలు.

మొదటిసారి వెళ్ళినప్పుడు

పావుగంటకు మించి ఉండకండి. భోజనాల వేళ, స్నానం చేయించే వేళ వెళ్ళకండి. ముందు ఫోన్ చేసి ఏ టైముకి వస్తే ఇబ్బంది ఉండదో కనుక్కోండి. మీకోసం టీ పెట్టనివ్వకండి. మరీ బలవంతపెడితే తాగి ఆ గ్లాసు మీరే కడిగి పెట్టండి.

రోగి తోనే ముందు మాట్లాడండి. మాట పోయినా సరే. పక్షవాతంలో మాట పడిపోయినవాళ్ళలో చాలామందికి మనం అనేది అర్థమవుతూనే ఉంటుంది, తిరిగి చెప్పడానికే నోరు రాదు. మా వీధిలో ఒక టైలరు గారికి ఇలాగే జరిగింది. వచ్చినవాళ్ళందరూ ఆయన మంచం మీదుగా భార్యతో మాట్లాడేవారు: "తింటున్నారా? గుర్తుపడుతున్నారా?" అని. ఆయన కళ్ళు పైకప్పు మీద ఉండేవి. ఒకరోజు మా సంఘం కుర్రాడు గుండీ ఊడిన చొక్కా, సూదీ దారం పట్టుకొచ్చి ఆయన పక్కన కూర్చుని "మావయ్యా, ఇది కుట్టడం చూపించవా" అన్నాడు. ఆయన ఎడమచేతి వేలితో ఒక్కో రంధ్రం దగ్గర ఆగి చూపించాడు. కుర్రాడు దారం వదులుగా లాగితే చెయ్యి విదిలించి మళ్ళీ కుట్టమన్నాడు. ఆ పావుగంటలో ఎవరూ ఆయన్ను రోగిలా చూడలేదు.

అనకూడని మాటలు కొన్ని ఉన్నాయి. వాటిని ప్రేమతోనే అంటాం, అవి మాత్రం పోట్లలా తగులుతాయి. "ఏదో పాపం మిగిలి ఉంటుంది, ఒప్పుకోండి." "విశ్వాసం ఉంటే ఈపాటికి లేచేవారు." "దేవుడు పరీక్షిస్తున్నాడు." పుట్టుగుడ్డివాణ్ణి చూసి శిష్యులు ఎవరు పాపం చేశారని అడిగితే వీడూ కాదు, వీడి కన్నవారూ కాదు అని యేసు ప్రభువే చెప్పాడు. అదే తప్పును మనం ఆయన పేరు మీద చేయకూడదు. ఫలానా ఊళ్ళో ఫలానా ఆకు పసరు తాగితే నయమైందన్న మాట కూడా వద్దు. ఆ ఇల్లాలు ఇప్పటికే అలాంటివి చాలా విని ఉంటుంది, కొన్నిటికి డబ్బు కూడా పోసి ఉంటుంది.

"ఏమైనా కావాలంటే చెప్పండి" అనడం మానండి

ఆ మాట విని ఎవరూ ఏమీ అడగరు. అడగడానికి సిగ్గు, మొహమాటం. ఏం కావాలో ఆలోచించే ఓపిక కూడా ఉండదు. ఏ రోజు, ఏ టైముకి, ఏ పని అన్నది మీరే చెప్పండి. "వదినా, మంగళవారం మధ్యాహ్నం రెండింటికి వస్తాను. నాలుగింటి దాకా అన్నయ్య దగ్గర నేను కూర్చుంటా. నువ్వు బ్యాంకుకి వెళ్ళాలంటే వెళ్ళు, లేదంటే తలుపేసుకుని పడుకో." ఇలా చెబితే ఆమె సరే అనగలదు, వద్దు అనగలదు. వద్దంటే బాధపడకండి. ఇంకో చిన్న పని అడిగి చూడండి: గ్యాస్ బండ తెచ్చిపెట్టడం, పిల్లవాణ్ణి ట్యూషన్ నుంచి తీసుకురావడం, కరెంటు బిల్లు కట్టడం. చిన్న పని చక్కగా జరిగితే పెద్ద పని నమ్మి అప్పగిస్తారు.

చాలా ఇళ్ళల్లో చూసుకునే మనిషికి కావలసింది నిద్ర. రాత్రి రెండు గంటలకోసారి లేచి రోగిని పక్కకు తిప్పే మనిషి మీరిచ్చే యాపిల్ కన్నా పగలు ఒక గంట పడుకోవడానికే ఎక్కువ సంతోషిస్తుంది.

ఆ రెండు గంటలూ ఏం చేయాలి

ఇక్కడ మనసు మంచిదైతే చాలదు, చేతికి పని రావాలి. ఊరికే కూర్చోవడానికి వెళ్ళేముందు ఒకసారి ఆ ఇంట్లోవాళ్ళు చేస్తుండగా చూసి నేర్చుకోండి. ఫిజియోథెరపీ చేసేవారు ఇంటికి వస్తుంటే ఆ టైముకి వెళ్ళి అడగండి. ఆసుపత్రి నర్సు చెప్పిన జాగ్రత్తలు ఏమిటో ఇంటివాళ్ళను అడిగి రాసుకోండి. డాక్టరు మీ రోగికి ప్రత్యేకంగా చెప్పిన మాట దేనికన్నా ముందు.

పక్కకు తిప్పడం: కదలలేని మనిషిని ఒకే వైపు గంటల తరబడి ఉంచితే ఎముక ఒత్తుకునే చోట రక్తం ఆడక పుండ్లు పడతాయి. అందుకే దాదాపు రెండు గంటలకోసారి తిప్పాలంటారు. ఒక్కరే బలం పెట్టి లాగకండి. నడుము కింద మడతపెట్టిన దుప్పటి ఒకటి పరిచి ఉంచితే ఇద్దరు చెరో వైపు దాన్ని పట్టుకుని తేలిగ్గా జరపొచ్చు, చర్మం రాసుకుపోదు. తిప్పే ముందు "బాబాయ్, ఇటు తిప్పుతున్నాం" అని చెప్పండి. పడిపోయిన చెయ్యి పట్టుకుని ఎప్పుడూ లాగకూడదు, భుజం కీలు జారుతుంది. తిప్పాక వీపు వెనక ఒక దిండు, మోకాళ్ళ మధ్య ఒక దిండు పెట్టండి. మడమలు పరుపుకి ఆనకుండా పిక్కల కింద ఇంకో చిన్న దిండు. పక్కబట్టలో ముడతలు, బిస్కెట్ పొడి లేకుండా చేత్తో తడిమి చూడండి.

తిప్పినప్పుడే పిరుదుల మధ్య ఎముక, తుంటి, మడమలు, భుజం, చెవి వెనక చూడండి. ఎర్రగా ఉన్నచోట వేలితో నొక్కి వదిలినా ఎరుపు పోకపోతే పుండు మొదలవుతోందని అర్థం. అక్కడ మర్దనా చేయకండి, పౌడరు కూరకండి. ఆ వైపు పడుకోబెట్టడం ఆపి ఇంటివాళ్ళకు, నర్సుకు వెంటనే చెప్పండి. ఎయిర్ బెడ్ ఉన్నా తిప్పడం తప్పదు. చాలామంది అది కొన్నాక తిప్పడం మానేస్తారు.

తినిపించడం: పడుకోబెట్టి ఎప్పుడూ వద్దు. దిండ్లు పెట్టి బాగా లేపి కూర్చోబెట్టండి. చిన్న చెంచాతో, కొద్దికొద్దిగా, గడ్డం కాస్త కిందికి వంచి పెట్టండి. ముందు పెట్టింది మింగాక మాత్రమే తర్వాతది. పక్షవాతం వచ్చినవాళ్ళలో చాలామందికి మింగడం కష్టమవుతుంది. పల్చటి నీళ్ళకన్నా చిక్కటి జావ తేలిగ్గా దిగుతుందని డాక్టర్లు చెబుతుంటారు. దగ్గు వచ్చినా, గొంతు గురగురలాడినా ఆపేయండి. తిన్నాక అరగంట అలాగే కూర్చోబెట్టి ఉంచండి. ముక్కు పైపు ఉన్నవాళ్ళకు మీ అంతట మీరు ఏమీ పోయకండి, నేర్పినవాళ్ళే చేయాలి.

యూరిన్ బ్యాగ్ ఉంటే అది ఎప్పుడూ మనిషి నడుము కన్నా కిందే వేలాడాలి, నేలకు తగలకూడదు. రోగిని తిప్పేటప్పుడు చాలామంది దాన్ని మంచం మీద పెట్టి మరిచిపోతారు.

మర్యాద: ఈ ఒక్క విషయం మీద ఎంత చెప్పినా తక్కువే. డైపర్ మార్చడం, ఒళ్ళు తుడవడం మగవాళ్ళకు మగవాళ్ళు, ఆడవాళ్ళకు ఆడవాళ్ళు చేస్తేనే బాగుంటుంది. తలుపు వేయండి. మార్చేంతసేపూ నడుము మీద పల్చటి దుప్పటి కప్పి ఉంచండి. వాసన వచ్చినా ముఖంలో చూపకండి. అది కనిపెట్టడానికే ఆ మనిషి మీ ముఖం వైపు చూస్తుంటాడు. నిన్నటి దాకా పదిమందికి పని చెప్పిన మనిషికి తన ఒళ్ళు ఇంకొకరు తుడవడం ఎంత నరకమో ఒక్క నిమిషం ఆలోచించండి. కడరాత్రి యేసు ప్రభువు పళ్ళెంలో నీళ్ళు పోసి శిష్యుల కాళ్ళు కడిగి తువాలుతో తుడిచాడని ఏడాదికోసారి గుడ్ ఫ్రైడే ముందు గురువారం చదువుకుంటాం. ఆ వచనాలు గది తలుపు వేసి దుప్పటి కప్పిన ఆ పది నిమిషాల్లో అర్థమవుతాయి.

పని లేనప్పుడు పేపరు చదివి వినిపించండి. రోగికి ఏం ఇష్టమో అడగండి. సినిమా పాటలు ఇష్టమైతే పాటలే పెట్టండి. మీకు ఇష్టమైన ప్రసంగాలు ఫోనులో పెట్టి కదలలేని మనిషి చేత వినిపించడం ప్రేమ కాదు.

కాగితాల పని

సంఘాలు ఎక్కువగా పట్టించుకోనిదీ, నిజంగా ఇల్లు నిలబడేదీ ఇక్కడే. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి దివ్యాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలు. పక్షవాతంతో పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి 15,000. తెలంగాణలో దివ్యాంగుల పింఛను 4,016. వీటికి సదరం సర్టిఫికెట్ లాంటి వైకల్య ధ్రువపత్రం కావాలి. దాని కోసం స్లాట్ బుక్ చేయాలి, క్యాంపు రోజున రోగిని ఆసుపత్రికి తీసుకెళ్ళాలి, ఆధార్‌లో పేరూ రేషన్ కార్డులో పేరూ సరిపోవాలి. మంచం మీద ఉన్న మనిషిని వదిలి ఆ ఇల్లాలు ఎన్నిసార్లు మీసేవకీ గ్రామ సచివాలయానికీ తిరగగలదు? మీరు తిరగండి. కొత్త దరఖాస్తులు ఇప్పుడు తీసుకుంటున్నారో లేదో ముందే కనుక్కుని చెప్పండి, వట్టి ఆశ పెట్టకండి.

ఒక ప్లాస్టిక్ ఫైలు కొని ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్, ఆసుపత్రి డిశ్చార్జ్ కాగితం, స్కాన్ రిపోర్టులు అన్నీ జిరాక్సులతో సహా అందులో పెట్టి ఇవ్వండి. ఏ ఆఫీసుకి వెళ్ళినా అదొక్కటి పట్టుకుంటే చాలు. బీపీ, షుగర్ మాత్రలు ప్రభుత్వ పీహెచ్‌సీలో ఉచితంగా ఇస్తారు. జన ఔషధి దుకాణాల్లో చాలా మందులు బయటి రేటు కన్నా బాగా తక్కువకు దొరుకుతాయి. కంపెనీ మారుతుంది కాబట్టి డాక్టరుకు చూపించి మార్చండి. బిడ్డలు హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉన్న ఇళ్ళల్లో డబ్బు కొరత కాదు, మనిషి కొరత. అలాంటప్పుడు వారానికోసారి వీడియో కాల్ కలిపి, మందుల చీటీ ఫొటో పంపి, ఉన్నది ఉన్నట్టు చెప్పే మనిషిగా ఉండండి. దూరంగా ఉన్న కొడుక్కి ఆ మాటలే ధైర్యం.

డబ్బు ఇచ్చేటప్పుడు

చేతిలో నోట్లు పెట్టడం కన్నా ప్రతి నెలా తప్పని ఖర్చు ఒకటి మీ నెత్తిన వేసుకోండి. డైపర్ల ప్యాకెట్, పాల బిల్లు, ఫిజియోథెరపీ ఫీజు. ఎప్పుడూ పిల్లల ముందు ఇవ్వకండి. అప్పుగా ఇచ్చినా తిరిగి అడిగే ఉద్దేశం మనసులో పెట్టుకోకండి. అడగాల్సి వస్తుందనిపిస్తే ఇవ్వకండి. ఇచ్చింది ఎవరికీ చెప్పకండి, పాస్టరు గారికి కూడా. కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదని ప్రభువు అన్నది సరిగ్గా ధర్మం గురించే.

సంఘం కానుకల నుంచి ఇస్తే మాత్రం లెక్క రాయాలి. ఇద్దరు పెద్దల సంతకం ఉండాలి.

ప్రార్థన చేయొచ్చా? ఫొటో తీయొచ్చా?

క్రైస్తవ కుటుంబమైతే అడిగి ప్రార్థన చేయండి, చిన్నగా చేయండి. హిందువులో ముస్లింలో అయితే ఆ ఇంట్లోవాళ్ళు అడిగితే తప్ప మంచం దగ్గర నిలబడి గట్టిగా ప్రార్థించకండి. మీ ఇంట్లో మోకాళ్ళ మీద ఎంతసేపైనా చేసుకోండి, ఎవరూ కాదనరు. కదలలేని మనిషి, సాయం కావాల్సిన కుటుంబం: వాళ్ళు మీకు వద్దని చెప్పలేని స్థితిలో ఉన్నారు. ఆ స్థితిని వాడుకుని సువార్త చెప్పడం న్యాయం కాదు.

ఈ మాట కొందరు విశ్వాసులకు కష్టంగా ఉంటుందని తెలుసు. అందుకే ఒంగోలు సంగతి గుర్తు చేస్తాను. 1876 నుంచి 1878 దాకా దక్షిణ భారతం కరువుతో అల్లాడింది. ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో ఒక భాగం తవ్వే కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్న వేలమందికి కూలి పని ఇచ్చాడు. కరువు పనులు నడిచినన్నాళ్ళూ బాప్తిస్మాలు ఇవ్వలేదు. అన్నం కోసం ఎవరూ క్రైస్తవులు కాకూడదని ఆయన పట్టుదల. సాయం ఆగాక, ఇక ఇవ్వడానికి ఏమీ లేనప్పుడు వచ్చినవాళ్ళకే ఇచ్చాడు. 1878 జులై 3న గుండ్లకమ్మ నదిలో, వెల్లంపల్లి దగ్గర, ఆ ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆయన సువార్తను దాచలేదు. అన్నాన్ని ఎర చేయలేదు, అంతే.

గుంటూరులో అమెరికన్ లూథరన్ మిషనరీ డాక్టర్ అన్నా కుగ్లర్ కూడా అంతే. 1883లో వచ్చి, ఆడవాళ్ళకు మగ డాక్టరు దగ్గర చూపించుకునే వీలు లేని రోజుల్లో ఇళ్ళకు వెళ్ళి వైద్యం చేసింది. 1898లో ఆసుపత్రి తెరిచింది. వైద్యానికి వచ్చినవాళ్ళలో అన్ని కులాలవాళ్ళూ, అన్ని మతాలవాళ్ళూ ఉన్నారు.

"మీరు ఇదంతా ఎందుకు చేస్తున్నారు?" అని ఎవరైనా అడుగుతారు. ఎప్పుడో ఒకరోజు అడుగుతారు. అప్పుడు దాచకుండా, రెండు మాటల్లో చెప్పండి: నన్ను ప్రేమించిన ప్రభువు ఇలా చేయమన్నాడు. అడిగినదానికి చెప్పి ఊరుకోండి, మర్నాటి నుంచి ఎప్పటిలాగే దిండ్లు సర్దండి.

ఫొటోలు అస్సలు వద్దు. డైపరు కట్టుకుని పడుకున్న మనిషి పక్కన బియ్యం సంచి పట్టుకుని నిలబడి వాట్సాప్ స్టేటస్ పెట్టడం ఇప్పుడు మామూలైపోయింది. ఆ మనిషి మనవరాలు కాలేజీలో ఆ ఫొటో చూస్తుంది. సంఘంలో సాక్ష్యం చెప్పాలనుకున్నా పేరూ ఊరూ రోగం చెప్పకండి. "మన సహోదరి ఫలానా ప్రార్థన అవసరం" అని మైకులో చెప్పే ముందు కూడా ఆ ఇంటివాళ్ళను అడగండి.

గుమ్మం దగ్గర కులం అడ్డొస్తే

దీన్ని దాటవేసి రాయడం అబద్ధమవుతుంది. మన ఊళ్ళల్లో చాలామంది విశ్వాసులు దళిత కుటుంబాలవాళ్ళు. పక్షవాతం వచ్చిన ఇల్లు వేరే కులం వాళ్ళదైతే మీరు వండిన కూర తీసుకోకపోవచ్చు, వంటింట్లోకి రానివ్వకపోవచ్చు. అది అవమానమే. దాన్ని అవమానం కాదనుకోమని ఎవరూ మీకు చెప్పకూడదు. వెళ్ళాలా వద్దా అన్నది మీ ఇష్టం. వెళ్ళకపోతే మీ విశ్వాసం తగ్గదు. వెళ్ళాలనుకుంటే కొబ్బరి బోండాలు, పళ్ళు, మందులు పట్టుకెళ్ళండి, కాగితాల పని చేయండి. రోగం ముదిరి మనిషిని లేపాల్సిన రోజు వస్తే ఆ ఇంటివాళ్ళకు చేతులే కావాలి, ఆ చేతులు ఎవరివని అడిగే తీరిక ఉండదు.

అలాగే మన సంఘాలూ తమ సంగతి చూసుకోవాలి. ఒకే ఊళ్ళో కులానికో చర్చి ఉన్నచోట, పక్క చర్చి మనిషి మంచాన పడితే మనవాళ్ళు ఎంతమంది వెళ్తున్నారు? ఆ పక్క చర్చిలో మంచాన పడ్డ మనిషి ఇంటితో మొదలుపెట్టినా మంచిదే.

ఒక్కరే మోయకండి

రెండు మూడు నెలలకే మీరు అలసిపోతారు. మీ ఇంట్లోవాళ్ళు మీరు ఇంట్లో లేరని అలుగుతారు. వాళ్ళ మాట నిజమే. మీ అత్తగారి మోకాళ్ళ నొప్పి పట్టించుకోకుండా పక్కింటి అత్తగారికి సేవ చేయడం సాక్ష్యం కాదు. అపొస్తలుల కార్యాల్లో విధవరాండ్రకు రోజువారీ భోజనం పంచడంలో తేడా వచ్చిందని సణుగుడు మొదలైతే సంఘం ప్రార్థనతో సరిపెట్టలేదు, ఆ పనికి ఏడుగురిని పేర్లతో సహా ఎంచుకుంది. మీరూ అలాగే చేయండి. యవ్వనస్థుల్లో ఇద్దరు, స్త్రీల సమాజంలో ఇద్దరు, రిటైరైన పెద్దాయన ఒకరు ఉంటే వారం గడుస్తుంది. పెద్దాయన కాగితాలు చూసుకుంటారు, కుర్రాళ్ళు ఎత్తే పని.

మంచం పక్కన ఒక నోటుబుక్కు, పెన్ను దారంతో కట్టి పెట్టండి. వచ్చినవాళ్ళు టైము, ఏ వైపు తిప్పారు, ఎంత తిన్నారు, విరేచనం అయిందా, చర్మం ఎలా ఉంది అని రెండు లైన్లు రాసి వెళ్ళాలి. తర్వాత వచ్చేవాళ్ళకు అది చూస్తే చాలు. డాక్టరు కూడా ఆ పుస్తకం అడిగి చూస్తారు. జ్వరం, ఆయాసం, కొత్తగా ఒక వైపు లాగడం, మనిషి మత్తుగా ఉండడం కనిపిస్తే పుస్తకంలో రాయడం కాదు, 108కి ఫోన్ చేయాలి.

మీరు ఒక వారం రాలేకపోతే ముందు రోజే చెప్పి ఇంకొకరిని పంపండి. చెప్పకుండా మానేయడం ఒక్కటి చేయకండి. ఆ ఇల్లాలు రెండింటికల్లా తయారై వీధి వైపు చూస్తూ ఉంటుంది.

మనిషి లేచినా, వెళ్ళిపోయినా

కొందరు కోలుకుంటారు. కర్ర పట్టుకుని నాలుగడుగులు వేస్తారు. అప్పుడు మీ పని తగ్గించుకోండి, ఒకేసారి మానకండి. తన బొత్తాం తాను పెట్టుకోవడానికి పది నిమిషాలు పడుతుంటే ఓపిక పట్టి చూస్తూ కూర్చోండి. మీరు పెట్టేస్తే ఆయనకు సాయం కాదు.

కొందరు వెళ్ళిపోతారు. అది హిందూ కుటుంబమైతే వాళ్ళ పద్ధతి ప్రకారం జరిగేదాన్ని గౌరవించండి. ఫ్రీజర్ బాక్స్, కుర్చీలు, టెంటు, వచ్చినవాళ్ళకు మంచినీళ్ళు: వీటికి మతం లేదు. శ్మశానం దాకా నడిచి వెళ్ళండి. మరణాన్ని 21 రోజుల్లోగా నమోదు చేయించాలి. ఆ డెత్ సర్టిఫికెట్ లేకపోతే బ్యాంకులో, ఇన్సూరెన్సులో, వితంతు పింఛనులో అన్నీ ఆగిపోతాయి. ఆ పని మీరు చేసిపెట్టండి. వాడిన ఎయిర్ బెడ్, చక్రాల కుర్చీ శుభ్రం చేసి ఇంకో ఇంటికి ఇవ్వడానికి వాళ్ళు ఒప్పుకుంటారేమో పెద్దకర్మ అయిపోయాక అడగండి, ముందు వద్దు.

పెద్దకర్మ మర్నాడు చుట్టాలు బస్సెక్కుతారు. ఇన్నాళ్ళూ రెండు గంటలకోసారి లేచిన ఆమెకు రాత్రి అదే టైముకి మెలకువ వస్తుంది, లేచి చేయడానికి పని ఉండదు. వచ్చే మంగళవారం రెండింటికి ఎప్పటిలాగే వెళ్ళండి. ఈసారి ఆమెను చూడటానికి. అన్నయ్య ఫైలు తీసుకుని ఇద్దరూ కలిసి సచివాలయానికి వెళ్ళి వితంతు పింఛను దరఖాస్తు పెట్టి రండి. దారిలో ఆమె మాట్లాడితే వినండి.